నలుగురిలో ఒకరు తగ్గితే

(ఒక విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ముందుగా ఒక దిద్దుబాటు. అధ్యక్షులవారు నన్ను చైనా సంగతులు క్షుణ్ణంగా తెలిసినవాడిగా పరిచయం చేశారు. నేను ముప్పై నాలుగేళ్ళు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పినవాడిని. చైనాలో ఉన్నది ఎనిమిది నెలలు. ఆ భాషలో నాకు పట్టుబడినవి పదిహేను మాటలు, అందులో సగం తిండి పేర్లు. ఇవాళ చెప్పబోయేదాంట్లో కొంత కళ్ళారా చూసింది, కొంత తిరిగి వచ్చాక చదువుకున్నది.

2018 ఆగస్టులో నా భార్య పోయింది. కర్మకాండలు అయ్యాక, చెంగ్డూలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి "ఒక్కడివే ఇక్కడ ఏం చేస్తావు నాన్నా" అని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. చెంగ్డూ సిచువాన్ రాష్ట్రానికి రాజధాని. కారం తినే ఊరు కాబట్టి తిండికి ఇబ్బంది పడలేదు. పగలంతా అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళిపోయేవారు. మా మనవరాలికి అప్పుడు తొమ్మిదేళ్ళు. అక్కడి బడిలోనే చదువుతోంది కాబట్టి సిచువాన్ యాసలో గలగలా మాట్లాడేది. సాయంత్రాలు నాకు దుబాసీ ఆ పిల్లే. ఆ దుబాసీతో ఒకటే చిక్కు, తనకు విసుగనిపించినవి వదిలేసేది. ఎదుటివాళ్ళు పది నిమిషాలు చెప్పింది విని, "ఏమీ లేదు తాతయ్యా, మోకాళ్ళ నొప్పులు" అనేది. (నవ్వులు)

మా అపార్టుమెంటు గేటు పక్కన ఒక చిన్న టీ దుకాణం ఉండేది. బయట గింకో చెట్టు కింద రెండు బల్లలు, వెదురు కుర్చీలు. అక్కడ టీ అంటే పాలు, పంచదార ఉండవు. మూత ఉన్న కప్పులో మల్లెపూల వాసన పట్టించిన ఆకు వేసి ఇస్తారు. ఒకసారి డబ్బులిస్తే సాయంత్రం దాకా వేడినీళ్ళు పోస్తూనే ఉంటారు. మధ్యలో లేచి వెళ్ళాల్సి వస్తే మూత మీద ఒక ఆకో, ఏదైనా చిన్న వస్తువో పెట్టి వెళ్ళాలి. "మళ్ళీ వస్తాను, నా కప్పు తీయకండి" అని దానికి అర్థం. చెంగ్డూ టీ దుకాణాల్లో ఇది పాత మర్యాద.

అందులో ఒక బల్ల దగ్గర రోజూ మధ్యాహ్నం రెండింటికి నలుగురు మాజాంగ్ అనే పలకల ఆట ఆడేవారు. డెబ్బై ఎనిమిదేళ్ళ తెల్లజుట్టావిడ. డెబ్బై అయిదేళ్ళ పెద్దాయన. అరవై అయిదుకు దగ్గరపడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు, ఒకావిడ పొడగరి, ఇంకొకావిడ పొట్టి. పేర్లు చెప్పను, వాళ్ళను అడిగి రాలేదు కదా. నలుగురూ ఒకప్పుడు ఊరికి తూర్పున ఉన్న ఒక ప్రభుత్వ కర్మాగారంలో పనిచేశారు. అప్పట్లో ఇల్లు, ఆసుపత్రి, బడి అన్నీ కర్మాగారమే ఇచ్చేది కాబట్టి, ఇద్దరు మనుషులు నలభై ఏళ్ళు ఒకే చోట పనిచేసి, ఒకే మెట్లెక్కి, ఒకే కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకోవడం అక్కడ మామూలు విషయం.

మొదటి రోజే మా మనవరాలు మొహమాటం లేకుండా అడిగేసింది, మీ ఇళ్ళల్లో తాతయ్యలు, మామ్మలు ఏరీ అని. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని "జౌ లె" అన్నారు. పిల్ల నా వైపు తిరిగి, "వెళ్ళిపోయారట తాతయ్యా. ఎక్కడికి వెళ్ళారో అడగనా?" అంది. వద్దన్నాను. పోవడం, వెళ్ళిపోవడం అన్న మాటలతో చావును చెప్పుకోవడం మనకూ ఉంది, వాళ్ళకూ ఉంది. ఆ ఒక్క మాట నాకు అనువాదం లేకుండానే అర్థమైంది. నలుగురూ నాలాంటివాళ్ళే.

మన తెలుగులో భర్త పోయిన ఆడదానికి ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టండి. వాటిలో సగం తిట్లు. భార్య పోయిన మగవాడికి విధురుడు అని నిఘంటువులో ఒక మాట ఉంది, జీవితంలో ఎవరైనా ఆ మాట పలకగా విన్నారా? నేను విధురుణ్ణని చెబితే సగం మందికి మహాభారతంలో విదురుడు గుర్తొస్తాడు. (నవ్వులు) చైనా వాళ్ళ దగ్గర రెండు మాటలూ ఉన్నాయి. రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందటి మెన్సియస్ అనే తత్త్వవేత్త ఒక రాజుకు చెబుతాడు: ముసలితనంలో భార్య లేనివాడు గ్వాన్, భర్త లేని ఆడది గ్వా, పిల్లలు లేనివారు దూ, చిన్నతనంలోనే తండ్రి పోయినవాడు గూ. మంచి రాజు ముందు ఈ నలుగురిని చూసుకోవాలి. ఎందుకు వీళ్ళనే? వీళ్ళు "చెప్పుకోవడానికి ఎవరూ లేనివాళ్ళు" కనుక. ఆయన తిండి లేనివాళ్ళు అనో ఇల్లు లేనివాళ్ళు అనో ఊరుకోలేదు. చెప్పుకునే దిక్కు లేదన్నాడు. ఈ ఒక్క ముక్క నన్ను పట్టుకుంది. ఈ సాయంత్రం నేను మాట్లాడేదంతా దాని చుట్టూనే.

ఆ 'గ్వాన్' అనే అక్షరంలో ఎడమవైపు చేప గుర్తు ఉంటుంది. భార్య పోయినవాడికి చేప ఎందుకని ఒక పాత వ్యుత్పత్తి గ్రంథం వివరించింది: చేపకు రెప్పపాటు లేదు, వీడికీ రాత్రి దిగులుతో కన్ను మూతపడదు. శాస్త్రీయంగా అది ఎంత నిజమో నాకు తెలియదు గాని, ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తెల్లవారుజామున మూడింటికి పైకప్పు చూస్తూ పడుకున్నవాడిగా నాకు అభ్యంతరం లేదు. తాంగ్ యుగంలో యువాన్ జెన్ అనే కవి ఉండేవాడు. క్రీ.శ. 809లో ఆయన భార్య పోయింది. బతికినన్నాళ్ళూ పేదరికంతో నువ్వు కనుబొమ్మలు విప్పి నవ్వింది లేదు, ఇక రాత్రంతా కళ్ళు తెరుచుకుని ఉండి ఆ రుణం తీర్చుకుంటాను అని రాశాడు. చేప కళ్ళ సంగతే అది. చైనాలో చదువుకున్నవాళ్ళందరికీ ఆ పద్యం తెలుసు. కొన్నేళ్ళకు ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడనీ తెలుసు. (నవ్వులు) నవ్వకండి, ఆ రోజుల్లో మామూలే.

యువాన్ జెన్ జీవితంలో చివరిదాకా నిలిచింది ఒక స్నేహం. బాయ్ జూయీ అనే మరో మహాకవితో. ఇద్దరూ ప్రభుత్వోద్యోగులు. ఒకరిని తూర్పుకు బదిలీ చేస్తే ఇంకొకరిని పడమరకు పంపేవారు. ఇరవై, ముప్పై ఏళ్ళు ఉత్తరాలతో, పద్యాలతో గడిపారు. 831లో యువాన్ పోయాడు. తొమ్మిదేళ్ళ తర్వాత, బాయ్‌కి డెబ్బై దగ్గర పడుతుండగా, స్నేహితుడు కలలోకి వచ్చాడు. లేచి ఒక పద్యం రాశాడు: నువ్వు మట్టి కింద ఎముకలు కరిగిపోతూ ఉన్నావు, నేను తల నిండా మంచుతో ఈ లోకంలో ఇంకా అద్దెకు ఉంటున్నాను. ఆ 'అద్దె' అనేది నా మాటే. మూలంలో తాత్కాలికంగా బస చేయడం అని ఉందట. 845లో, తన డెబ్బై నాలుగో ఏట, బాయ్ లోయాంగ్ పట్టణంలో డెబ్బై దాటిన ముసలివాళ్ళను తన ఇంట్లో పోగుచేసి విందు చేశాడు. ఆ బృందానికి చరిత్రలో పేరుంది, బొమ్మలు కూడా గీశారు. మగవాళ్ళ స్నేహానికి చైనాలో అలాంటి కథలు అల్మరాలకు అల్మరాలు ఉన్నాయి. వీణ లాంటి వాద్యం వాయించే బోయా, అది విని అర్థం చేసుకునే కట్టెలు కొట్టేవాడు. ఆ కట్టెలవాడు చచ్చిపోతే బోయా వాద్యం పగలగొట్టాడు. ప్రాణస్నేహితుణ్ణి ఇప్పటికీ 'జియిన్' అంటారు, అంటే నాదం తెలిసినవాడు.

మరి ఆడవాళ్ళ స్నేహం? కన్ఫ్యూషియస్ సంప్రదాయంలో చెప్పే అయిదు బంధాలు రాజు-సేవకుడు, తండ్రి-కొడుకు, భర్త-భార్య, అన్న-తమ్ముడు, స్నేహితుడు-స్నేహితుడు. పెద్దాచిన్నా లేని బంధం ఆ అయిదోది ఒక్కటే. అందులో ఆడవాళ్ళకు చోటు దాదాపు లేదు. పైగా ముప్పై ఏళ్ళలోపు భర్త పోయి, యాభై దాటేదాకా పెళ్ళి చేసుకోని స్త్రీకి మింగ్ రాజవంశం సన్మానం ప్రకటించింది. ఊరి మొదట్లో రాతి తోరణం కట్టేవారు. ఆన్‌హుయ్ రాష్ట్రంలో తాంగ్యూ అనే పల్లెలో ఏడు తోరణాలు వరుసగా నిలబడి ఉన్నాయి, వాటిలో రెండు ఇలాంటివి. తోరణం ఎంత పెద్దదైతే కింద మనిషి అంత ఒంటరి. "వితంతువు గడప ముందు రచ్చ ఎక్కువ" అని సామెత కూడా ఉంది. ఎవరు వచ్చినా, ఎవరితో మాట్లాడినా ఊరు చూస్తుంది.

అలాంటి చోట ఆడవాళ్ళు ఏం చేశారంటే, తమకంటూ ఒక లిపిని పెట్టుకున్నారు. ఇది కథ కాదు. హునాన్ రాష్ట్రం దక్షిణాన జియాంగ్‌యోంగ్ అనే ప్రాంతంలో ఆడవాళ్ళు మాత్రమే రాసుకున్న లిపి ఉంది, పేరు 'నూషు'. ఆడవాళ్ళ రాత అని అర్థం. దోమ కాళ్ళలా సన్నగా, పక్కకు వాలి ఉండే అక్షరాలు, సుమారు నాలుగు వందలు. మామూలు చైనా లిపిలా కాకుండా శబ్దాన్ని బట్టి రాస్తారు. విసనకర్రల మీద, గుడ్డల మీద, చిన్న పుస్తకాల్లో పాదానికి ఏడు అక్షరాల పద్యాలు. అక్కడి అమ్మాయిలు చిన్నప్పుడే ప్రమాణం చేసి అక్కచెల్లెళ్ళు అయ్యేవారు. పెళ్ళయిన మూడో రోజున నెచ్చెలులు పుస్తకం రాసి పంపేవారు. వయసు మళ్ళాక, భర్తలు పోయాక రాసుకున్నవి ఆ సాహిత్యంలో చాలా ఉన్నాయి. వాటికి అక్కడి పేరు 'సూ కెలియెన్', బాధ చెప్పుకోవడం. మెన్సియస్ చెప్పుకోవడానికి ఎవరూ లేరన్నాడు కదా, చూడండి, వీళ్ళు చెప్పుకోవడానికి ఒక లిపే తయారు చేసుకున్నారు. పూవెయ్ అనే పల్లెలో గావ్ యిన్‌షియెన్ అనే ఆవిడ, 1902లో పుట్టి 1990లో పోయారు, ప్రమాణం చేసిన ఏడుగురు అక్కచెల్లెళ్ళలో పెద్ద. ముసలితనంలో కూడా వాళ్ళు కలిసి కూర్చుని పాడుకునేవారు. 1980లలో పండితులు వెళ్ళి చూసేసరికి ఈ లిపి బాగా వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కించేంత మంది. ఆ తరంలో చివరివారైన యాంగ్ హువాన్‌యీ 2004లో పోయారు. చాలా పుస్తకాలు ఎందుకు మిగల్లేదో తెలుసా? మనిషి పోయినప్పుడు పుస్తకాన్ని కూడా కాల్చేవారు, అవతలి లోకంలో చదువుకోవడానికి.

సరే, టీ దుకాణానికి వద్దాం.

పొడగరి, పొట్టావిడ. ఈ ఇద్దరి స్నేహం వేరే రకం. వాళ్ళు కర్మాగారంలో కలవలేదు, యున్నాన్ రాష్ట్రంలో ఒక రబ్బరు తోటలో కలిశారు. 1968 డిసెంబరులో మావో పిలుపు ఇచ్చాడు, చదువుకున్న పట్నం పిల్లలు పల్లెలకు వెళ్ళి రైతుల దగ్గర నేర్చుకోవాలని. పదేళ్ళలో దాదాపు కోటి అరవై లక్షల మందిని పంపారు. వాళ్ళను 'జిచింగ్' అంటారు. చెంగ్డూ పిల్లలను 1971లో యున్నాన్ అడవుల్లో రబ్బరు తోటలకు పంపారు. పదహారు, పదిహేడేళ్ళవాళ్ళు. చీకటితో లేచి, తలకు దీపం కట్టుకుని చెట్లకు గాటు పెట్టాలి. పాలు ఎండ ఎక్కకముందే కారతాయి. 1978 చివర్లో అక్కడి జిచింగ్‌లు సమ్మె చేసి, బీజింగ్‌కు మనుషుల్ని పంపి మొరపెట్టుకుంటే గాని ఇళ్ళకు రానివ్వలేదు. ఈ ఇద్దరూ 1979లో తిరిగొచ్చి, తల్లిదండ్రుల ఉద్యోగాల్లో చేరారు. తల్లి రిటైరై పిల్లకు ఉద్యోగం ఇవ్వడం అప్పటి పద్ధతి.

అక్కడ ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆ కాలంలో స్నేహం ప్రమాదకరమైన వస్తువు. ఎజ్రా వోగెల్ అనే అమెరికా పండితుడు 1965లోనే దీని గురించి రాశాడు: స్నేహితుడి స్థానాన్ని కామ్రేడ్ ఆక్రమించాడు, కామ్రేడ్ అందరికీ సమానం, ఎవరికీ ప్రత్యేకం కాదు. నువ్వు నమ్మి చెప్పిన మాటను రేపు సభలో నీ స్నేహితుడి చేతే చెప్పించవచ్చు. ఆ మరుసటి ఏడాదే సాంస్కృతిక విప్లవం మొదలై 1976 దాకా సాగింది. అంటే ఇవాళ డెబ్బై దాటిన చైనా మనిషికి "నమ్మదగిన స్నేహితురాలు" అంటే మనం కాలేజీ స్నేహితుల వాట్సాప్ గ్రూపు అనుకునేంత తేలిక మాట కాదు. ఆ రోజుల్లో నోరు విప్పనిది ఎవరో వాళ్ళకు ఇప్పటికీ గుర్తే. పొట్టావిడ గురించి పొడగరి మా మనవరాలితో ఒకే మాట చెప్పింది: "ఈవిడ నా సంగతి ఎవరికీ చెప్పలేదు." ఏ సంగతి అని పిల్ల అడిగితే ఇద్దరూ నవ్వి పలకలు కలపడం మొదలుపెట్టారు.

ఇప్పుడు మీలో కొందరి మనసులో ఉన్న ప్రశ్నకు వస్తాను. మరి పెళ్ళి? నేను చైనా నుంచి వచ్చాక నన్ను అడగని బంధువు లేడు. మన దగ్గర వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన నాటి నుంచి సంస్కరణ అంటే పునర్వివాహమే. అది గొప్ప పని, కాదనను. ఆ పిల్లల వయసు వేరు, వాళ్ళ అవసరం వేరు. చైనాలోనూ 1950 వివాహ చట్టం వితంతువుల పెళ్ళికి ఎవరూ అడ్డుపడకూడదని రాసింది. 2001 సవరణ ఇంకో అడుగు వేసి, తల్లిదండ్రుల పెళ్ళి విషయంలో పిల్లలు జోక్యం చేసుకోకూడదని చెప్పింది. పిల్లల్ని ఆపడానికి చట్టం కావాల్సి వచ్చిందంటే ఇళ్ళల్లో ఏం జరుగుతోందో ఊహించుకోండి.

గొడవంతా ఇంటి దగ్గరే. చైనాలో భార్య లేక భర్త పిల్లలతో సమానంగా మొదటి వరస వారసులు. అరవై ఎనిమిదేళ్ళ తండ్రి పెళ్ళి చేసుకుంటే, షాంఘైలో కోట్లు చేసే రెండు గదుల ఇంట్లో కొత్తావిడకు వాటా వస్తుంది. అందుకని చాలామంది సంతకాలు లేకుండా కలిసి ఉంటారు, దాన్ని 'దాబాన్' అంటారు, జతకట్టి గడపడం. బీజింగ్‌లో తియెనన్‌మెన్ పక్కన చాంగ్‌పూ నది ఉద్యానవనంలో ముసలివాళ్ళే తమ సంబంధాలు తాము వెతుక్కుంటారు. షాంఘైలో షూజియాహుయ్ ప్రాంతంలోని ఐకియా ఫర్నిచర్ దుకాణం కథ ఇంకా తమాషా. సభ్యత్వ కార్డు ఉంటే అక్కడ కాఫీ ఉచితంగా ఇచ్చేవారు. వారానికి రెండు రోజులు వందలమంది ముసలివాళ్ళు శుభ్రంగా దుస్తులు వేసుకుని వచ్చి, ఆ కాఫీ తాగుతూ గంటల తరబడి కూర్చునేవారు. 2016లో దుకాణం వాళ్ళు విసిగిపోయి, తిండి కొన్నవాళ్ళకే కుర్చీ అన్నారు. పత్రికలన్నీ దీన్ని ముసలివాళ్ళ పెళ్ళిచూపులుగా రాశాయి. నాకు ఆ వార్తల్లో నచ్చింది వేరు. ఏళ్ళ తరబడి వస్తూ జంట కుదరనివాళ్ళు రావడం మానలేదు. జంట కోసమే అయితే మానేయాలి కదా?

అక్కడ భార్యనూ భర్తనూ వయసు మళ్ళాక 'లావోబాన్' అంటారు, ముసలి తోడు అని. యవ్వనంలో దంపతులు, ముసలితనంలో తోడు అని ఒక నానుడి. "ఇంటినిండా పిల్లలున్నా నడిదారిలో దొరికిన మొగుడికి సాటిరారు" అని ఇంకొకటి. తెల్లజుట్టావిడ ముందు మా అమ్మాయి ఈ రెండో నానుడి అంటే, ఆవిడ పలక బల్ల మీద టక్కున కొట్టి ఏదో అంది. బల్ల దగ్గర అందరూ పగలబడి నవ్వారు. అమ్మాయి ఎర్రబడిపోయి నాకు చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర అల్లుడు చెప్పాడు: "ఒక మగాడికి నలభై ఏళ్ళు కాళ్ళు కడిగాను. ఇప్పుడు నా కాళ్ళు నేను కడుక్కుంటున్నాను. హాయిగా ఉంది." (నవ్వులు, చప్పట్లు)

మగవాళ్ళ సంగతి అంత హాయి కాదు. మన మగవాళ్ళు కొంచెం ఓపిక పట్టి వినండి. ఆ బల్ల దగ్గర పెద్దాయన భార్య పోయిన మొదటి ఏడాది ఇంట్లోంచి బయటికే రాలేదట. ఎందుకంటే బయట ఆయనకు తెలిసినవాళ్ళందరూ నిజానికి ఆవిడకు తెలిసినవాళ్ళు. పండక్కి ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరి మనవడికి ఎర్ర కవరులో డబ్బు పెట్టివ్వాలి, పక్కింటివాళ్ళతో మాటలున్నాయా లేవా, అన్నీ ఆవిడ చూసుకునేది. ఆవిడ పోవడంతో ఆయనకు భార్యతోపాటు ఊరంతా పోయింది. నేను ఇది విన్నప్పుడు మా ఇంట్లో టెలిఫోన్ నంబర్ల పుస్తకం గుర్తొచ్చింది. అంతా ఆవిడ చేతిరాతే.

చెంగ్డూ, బీజింగ్ ఉద్యానవనాల్లో పొద్దున్నే చూస్తే తేడా కనిపిస్తుంది. ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటారు. పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ, చేతిలో చెయ్యి వేసుకుని మాట్లాడతారు. సాయంత్రం పాటలు పెట్టుకుని వరసలు కట్టి నాట్యం చేస్తారు. మగవాళ్ళు పక్కపక్కన ఉంటారు. ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటారు. చదరంగం బల్ల వైపో, చెట్టుకు తగిలించిన పిట్ట పంజరం వైపో. ఒకాయన పెద్ద కుంచె నీళ్ళలో ముంచి రాతిపలకల మీద అక్షరాలు రాస్తూ ఉంటే ఇంకొకాయన వెనకాల చేతులు కట్టుకుని చదువుతూ ఉంటాడు. చివరి అక్షరం రాసేసరికి మొదటిది ఆరిపోతుంది. రోజూ ఇదే. గంటలో రెండు మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. ఇది స్నేహమేనా అని మొదట్లో అనుకున్నాను. ఒక రోజు చదివేవాడు రాలేదు. రాసేవాడు రెండు అక్షరాలు రాసి కుంచె ఎత్తి బకెట్‌లో పెట్టి, ఫోన్ తీశాడు.

మా పెద్దాయనను ఇంట్లోంచి లాగింది ఎవరంటే, తెల్లజుట్టావిడ. మాజాంగ్‌కు నలుగురు కావాలి. వాళ్ళ నాలుగో మనిషి కొడుకు దగ్గరకు షెన్‌జెన్ వెళ్ళిపోయింది, మనవణ్ణి పెంచడానికి. అలా పిల్లల ఊళ్ళకు వెళ్ళి తేలుతూ బతికే ముసలివాళ్ళకు 'లావోపియావ్' అని పేరే ఉంది. మనలో కాలిఫోర్నియా, న్యూజెర్సీ వెళ్ళొచ్చినవాళ్ళకు వివరించక్కర్లేదు. ముగ్గురున్నారు, ఒకరు తక్కువ. దీనికి చైనాలో మూడక్షరాల మాట ఉంది: "సాన్ చ్యూ యీ". ఎవరి తలుపైనా కొట్టడానికి అది చాలు. తెల్లజుట్టావిడ వెళ్ళి ఆయన తలుపు కొట్టి, నీ దుఃఖం ఎలా ఉంది, ఎలా తట్టుకుంటున్నావు అని అడగలేదు. "ముగ్గురమే ఉన్నాం, కిందికి రా" అంది. ఓదార్చడానికి వచ్చినవాళ్ళకు తలుపు తీయని మనిషి, ఆటకు ఒకరు తక్కువయ్యారంటే చెప్పులేసుకున్నాడు. ఓదార్పు పుచ్చుకోవడం కష్టం. అవసరపడటం తేలిక. నాకు అనుభవం.

సిచువాన్ మాజాంగ్‌కు నూట ఎనిమిది పలకలు, మన జపమాలకు పూసల్లాగా. మిగతా చోట్ల ఒకరు గెలవగానే ఆ ఆట ముగుస్తుంది. ఇక్కడ అలా కాదు. గెలిచిన మనిషి తప్పుకుంటే మిగతా ముగ్గురూ ఆడుతూ పోతారు, తర్వాత ఇద్దరు. ఈ పద్ధతికి "చివరిదాకా రక్తయుద్ధం" అని పేరు. పందెం చూస్తే ఒక మామిడిపండు కూడా రాదు.

2019 మార్చిలో తెల్లజుట్టావిడ నిద్రలో పోయింది. రోజూ పొద్దున్న ఆరున్నరకు మన వాట్సాప్ లాంటి వీచాట్‌లో పూలగుత్తి బొమ్మతో శుభోదయం పంపేది. ఆ రోజు ఏడింటికి కూడా రాలేదని పొట్టావిడ వెళ్ళి తలుపు కొట్టింది. తాళంచెవి ఒకటి ఆమె దగ్గర ఉండేది.

కూతురు వేరే రాష్ట్రం నుంచి మధ్యాహ్నానికి వచ్చింది. ఒక్కతే కూతురు. 1980 తర్వాతి ఒకే బిడ్డ నియమం గురించి మీకు తెలుసు. ముప్పై అయిదేళ్ళు నడిచిన ఆ నియమం మిగిల్చిన లెక్క ఇదే, ఒక తల్లి, ఒక కూతురు, మధ్యలో పన్నెండు వందల కిలోమీటర్లు. అమ్మ ఏ మందులు వేసుకునేది, ఏ బ్యాంకులో ఏముంది, చివరి ప్రయాణానికి ఏ దుస్తులు కుట్టించి పెట్టుకుంది, ఆ పిల్లకు ఏమీ తెలియదు. ముగ్గురికీ అన్నీ తెలుసు. ఆ పిల్ల తప్పేమీ లేదు. 2013 నుంచి అమల్లో ఉన్న వృద్ధుల హక్కుల చట్టం దూరాన ఉన్న పిల్లలు తరచూ వచ్చి పలకరించాలని చెబుతుంది. తరచూ అంటే ఎన్నిసార్లో చట్టంలో లేదు.

ఆ రాత్రి జాగరణకు మేమూ వెళ్ళాం. అపార్టుమెంటు ఆవరణలో గుడారం వేశారు, తెల్ల పూలచక్రాలు పెట్టారు. గుడారంలో నాలుగు బల్లల మీద మాజాంగ్! నేను నిర్ఘాంతపోయాను. సిచువాన్‌లో శవజాగరణ రాత్రి మాజాంగ్ ఆడటం ఆచారమట. తెల్లవార్లూ మేలుకోవాలి, చచ్చినవాళ్ళను నిశ్శబ్దంలో వదిలేయకూడదు. మన ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. నాలుగో కుర్చీలో ఎవరు? ఖాళీగా వదిలేస్తారనుకున్నాను. లేదు, కూతురిని కూర్చోబెట్టారు. ఆ పిల్లకు ఆట సరిగ్గా రాదు. పొడగరి ఆమె పలకలు తొంగిచూసి, ఇది వెయ్యి, అది వద్దు అని చెబుతూ, మీ అమ్మ కూడా ఇలాగే తొందరపడేది అని తిడుతూ ఉంది. తెల్లవారుజామున కూతురు ఒక ఆట గెలిచింది. అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది.

నాలుగో రోజుకు బల్ల దగ్గర కొత్త మనిషి ఉన్నాడు, రెండో అంతస్తులో ఉండే విశ్రాంత బస్సు డ్రైవర్. నాకు కోపం వచ్చింది. నాలుగు రోజులేనా? మా మనవరాలి చేత అడిగించాను కూడా. పెద్దాయన నా వైపు కాసేపు చూసి, "ఆవిడ ఉంటే రెండో రోజే తెచ్చేది" అన్నాడు.

ఇక ఆ ఇద్దరు ఆడవాళ్ళ సంగతి చెప్పి ముగిస్తాను, సమయం మించిపోతోంది. ఏప్రిల్‌లో పొట్టావిడకు కంటి శుక్లం ఆపరేషన్ పడింది. ఒక ఆసుపత్రిలో కాగితం ఇచ్చి దగ్గరి బంధువు సంతకం కావాలన్నారు. ఆమెకు పిల్లలు లేరు, ఉన్న మేనల్లుడు ఫోన్ ఎత్తడు. పొడగరి నేను పెడతానంది. నువ్వేమవుతావు అన్నారు. యాభై ఏళ్ళ స్నేహితురాలినంది. స్నేహితులకు గడి లేదన్నారు. మేనల్లుడు దొరికేదాకా ఆపరేషన్ తొమ్మిది రోజులు ఆగింది.

దీనికి చైనా చట్టంలో ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. 2013లో వృద్ధుల కోసం మొదలుపెట్టి, 2017లో పెద్దలందరికీ విస్తరించారు. బుద్ధి స్థిమితంగా ఉన్నప్పుడే, రేపు నాకు తెలివి తప్పితే నా తరఫున నిర్ణయాలు తీసుకునేది ఫలానావారు అని రాసిపెట్టుకోవచ్చు. వాళ్ళు చుట్టాలే కానక్కర్లేదు. 2020లో షాంఘైలో ఒక కేసు దేశమంతా మారుమోగింది. భార్య, కొడుకు పోయిన ఒక ముసలాయన, తన ఇంటి కింద పండ్లు అమ్ముకునే అతన్ని సంరక్షకుడిగా రాసి, ముప్పై లక్షల యువాన్లు చేసే ఇల్లు కూడా అతనికే రాశాడు. దేశంలో సగం మంది పండ్లవాడిని దొంగ అన్నారు, సగం మంది కొడుకు అన్నారు. స్నేహితుడు అన్నవాళ్ళు తక్కువ.

మే నెలలో ఈ ఇద్దరూ నోటరీ ఆఫీసుకు వెళ్ళారు. ఒకరికొకరు రాసుకోవడానికి. మా అమ్మాయి సెలవు పెట్టి కారులో తీసుకెళ్ళింది, నేనూ మనవరాలూ వెనక సీట్లో. గుర్తింపు కార్డులు, కుటుంబ నమోదు పుస్తకాలు, పాత పెళ్ళి సర్టిఫికెట్లు, మరణ ధ్రువపత్రాలు, అన్నీ ఒక బిస్కట్ల డబ్బాలో పెట్టుకుని తెచ్చారు. కుర్ర నోటరీ కాగితం నింపుతూ ఒకచోట ఆగి, ఇద్దరికీ సంబంధం ఏమని రాయను అని అడిగాడు. పొడగరి "అక్క" అంది. రక్తసంబంధమా అన్నాడు. కాదంది. అయితే అక్క అని రాయకూడదన్నాడు. పావుగంట వాదన. ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం, ఒకే దోమతెరలో పడుకున్నాం, నాకు మలేరియా వస్తే ఈవిడ నా బట్టలు ఉతికింది, అక్క కాకపోతే ఏమిటి అని పొడగరి. నోటరీ ఓపికగా వింటూ పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. చివరికి పొట్టావిడే అంది, "స్నేహితురాలు అని రాయి నాయనా. అక్క అయితే నన్ను వదిలి పోకూడదని రూలు ఉంటుంది. ఈవిడ రూలు లేకుండానే పోలేదు."

అలాగే రాశాడు. బయటికొచ్చి నూడుల్స్ దుకాణంలో కూర్చున్నాం. తిన్నాక డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుంజుకున్నారు. పొట్టావిడ కొత్త కంటితో బిల్లు ముందు చూసి గెలిచింది. గడియారం చూస్తే ఒంటిగంట నలభై. పెద్దాయన అప్పటికే ఫోన్ చేస్తున్నాడు, బల్ల దగ్గర డ్రైవరూ తనూ ఇద్దరమే ఉన్నామని.